లాప్‌టాప్ ప్రాసెసరు – మార్పునకు వీలైన కాలము

పాతబడిన లాప్‌టాప్‌నందు ప్రాసెసరును మాత్రము మార్చి, యంత్రమునకు కొత్త వేగము తెచ్చుకొనవచ్చునా అని విద్యార్థులు తరచుగా అడుగుదురు. కొన్నింటిలో వీలగును, నేటి లాప్‌టాప్‌లలో పెక్కింటికి వీలుకాదు. ఎందుచేత వీలుకాదను ప్రశ్నకు జవాబు చరిత్రలో దొరకును.

గోదావరి మండలముల వారికి ఈ విషయము ఒక ఉపమానముచే సులభముగా బోధపడును. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ధవళేశ్వరము వద్ద 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. నూరేండ్లకు పైగా పనిచేసి అది బలహీనపడగా, 1970 దశకములో పని సాగి, 1982 నాటికి 175 గేట్లుగల కొత్త బ్యారేజి సిద్ధమైనది. తలభాగము మారినది గాని, నీరు పారునది ప్రధానముగా పాత కాలువలలోనే. ఆ కాలువల గట్లు భరింపగలిగినంత నీటినే విడువవలెను. మించినచో గండి పడును. ప్రాసెసరు మార్పు కూడ ఇట్టిదే. కొత్త ప్రాసెసరు ఎంత శక్తిగలదైనను, దానిచుట్టునున్న పాత తీగెలు, పాత జ్ఞాపకకోశము, పాత ఫ్యాను దానిని భరింపవలెను.

మన దేశమున కంప్యూటరు తయారీ చరిత్రలో ఈ డెల్టాకు చెందిన ఒకరి పేరు ముఖ్యముగా చెప్పుకొనవలెను. ఆయన పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ట్రాంబేలోని అణుశక్తి కేంద్రమున ఎలక్ట్రానిక్సు శాఖను పెంపొందించి, 1967లో హైదరాబాదున ఏర్పడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషన్‌కు ఆయన తొలి సారథి అయిరి. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో వెలువడినది. ఇది ఒక్కసారికి 12 ద్వ్యంకముల సంఖ్యతో పనిచేయును. అనగా 2ను 12 మార్లు గుణింపగా వచ్చు 4,096 విలువలలో దేనినైనను ఒక పదమున ఇముడ్చుకొనగలదు. 1975 నాటి టి.డి.సి.-316 పదము 16 ద్వ్యంకములది. అందు 65,536 విలువలు ఇముడును.

ఆ తరము యంత్రములలో ప్రాసెసరు అనగా ఒక చిన్న బిళ్ళ కాదు. బీరువావంటి పెట్టెలో వరుసగా అమర్చిన సర్క్యూటు కార్డుల సముదాయము. ఒక కార్డు చెడిపోయినచో ఇంజనీరు దానిని ఊడదీసి, లోపమును వెదకి, వేరొకటి అమర్చెడివాడు. అయితే 12 ద్వ్యంకముల యంత్రమును 16 ద్వ్యంకములదిగా మార్చుటకు కార్డులు మార్చిన చాలదు. యంత్రమే కొత్తది కావలెను. బాగుచేయుట సులభము, వృద్ధిచేయుట కష్టము.

1971లో అమెరికాలోని ఇంటెల్ సంస్థ 4004 అను సూక్ష్మ ప్రాసెసరును విడుదల చేసినది. దాదాపు 2,300 ట్రాన్సిస్టర్లు ఒకే సిలికాన్ బిళ్ళపై ఇమిడినవి. కార్డుల బీరువా చేయు పని క్రమముగా బిళ్ళకు వచ్చినది. హైదరాబాదు సంస్థ కూడ 1978లో మైక్రో-78 అను సూక్ష్మ ప్రాసెసరు యంత్రమును తెచ్చినది. బిళ్ళను సాకెట్టులో గుచ్చు పద్ధతి వ్యాపించుటతో, వృద్ధిచేయుట కూడ సులభమైనది. 1981 నాటి ఐ.బి.యం. పి.సి.లోని 8088 ప్రాసెసరును తీసి, జపానుకు చెందిన ఎన్.ఇ.సి. సంస్థ చేసిన వి-20ని అదే సాకెట్టులో పెట్టినచో వేగము కొంత పెరిగెడిది. 1992లో ఇంటెల్ "ఓవర్‌డ్రైవ్" ప్రాసెసర్లను అమ్మినది. వానిలో కొన్ని, బోర్డు 25 మెగాహెర్ట్జ్‌లతో నడచుచుండగా లోపల 50తో లెక్కించెడివి. తల వేగిరమైనను కాలువ పాతదే గనుక, మొత్తము పని రెట్టింపు కాలేదు.

లాప్‌టాప్‌లలోను ఈ పద్ధతి చాలకాలము నడచినది. అయితే మూడు నిబంధనలు పాటింపవలసియుండెను. మొదటిది, పిన్నుల అమరిక సరిపోవలెను. రెండవది, బోర్డుపైనున్న చిప్‌సెట్టు, బయాస్ అను ఆరంభ కార్యక్రమము కొత్త ప్రాసెసరును గుర్తింపవలెను. మూడవది వేడిమి. ప్రాసెసరు పనిచేయుటలో వెచ్చించు శక్తి వోల్టేజి వర్గమునకును, పౌనఃపున్యమునకును అనుపాతముగా పెరుగును. 35 వాట్ల వేడిమికి ఏర్పరచిన ఫ్యానుక్రింద 45 వాట్ల ప్రాసెసరును పెట్టినచో, అది వేడెక్కి తన వేగమును తానే తగ్గించుకొనును. పెట్టిన సొమ్ము వృథా అగును.

2013లో వచ్చిన నాలుగవ తరము కోర్ ప్రాసెసర్లతో ఇంటెల్ లాప్‌టాప్ సాకెట్ల కాలము ముగిసినది. తరువాతి లాప్‌టాప్ ప్రాసెసర్లు చిన్న చిన్న టంకపు గుండ్లతో బోర్డునకే అతుకబడుచున్నవి. డెస్క్‌టాప్ ప్రాసెసరును ఉపయోగించు కొద్ది పెద్ద యంత్రములు మాత్రమే ఇందుకు భిన్నము. సాకెట్టు ఎత్తు లేనందున యంత్రము పలుచనగును. ఒక భాగము తగ్గినందున ఖర్చును తగ్గును. కాని ప్రాసెసరు చెడిపోయినను, చాలకపోయినను బోర్డు మొత్తమును మార్చవలసివచ్చును. ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ 2021 నుండి, ఆ బోర్డునే సులభముగా మార్చుకొనునట్లు లాప్‌టాప్‌లు చేయుచున్నది. కావున మార్పునకు వీలుండుట, లేకుండుట ప్రకృతి నియమము కాదు. అది రూపకర్తలు ఎన్నుకొన్న మార్గము.

పాఠశాలకు యంత్రము కొనువారు ధర, వేగములతోపాటు ఏయే భాగములు మార్చవచ్చునో కూడ అడుగవలెను. చేతనున్న పాత లాప్‌టాప్ నెమ్మదిగా నడచుచున్నచో, ముందు హార్డుడిస్కు స్థానమున ఎస్.ఎస్.డి.ని అమర్చి, వీలున్నచోట జ్ఞాపకకోశమును పెంచి చూడవలెను. పెక్కుమార్లు గండి ప్రాసెసరు దగ్గర కాక అక్కడ కనబడును. 2013కు పూర్వపు పాత లాప్‌టాప్ ఏదైన మూలపడియున్నచో, ఉపాధ్యాయులు దాని బ్యాటరీ తీసి, అడుగుపలక విప్పి, సాకెట్టును విద్యార్థులకు చూపవచ్చును. ఒక్క మరను తిప్పగానే ప్రాసెసరు చేతికి వచ్చుట కన్నులార చూచిన పిల్లవాడు, కంప్యూటరు విప్పరాని మాయపెట్టె అని మరి భావింపడు.