స్వేచ్ఛ – సమన్యాయం: లైనక్స్ పంపిణీల చరిత్రలో ఒక వివాదం

1991లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన కెర్నల్ ఆధారంగా వివిధ బృందాలు, సంస్థలు కూర్చిన నిర్వహణ వ్యవస్థలను లైనక్స్ డిస్ట్రిబ్యూషన్లు, అంటే పంపిణీలు అంటారు. ఒకరి శ్రమఫలాన్ని మరొకరు గ్రహించి, సవరించి, తిరిగి అందించడమే వీటి మనుగడకు మూలం. ఇలాంటి పంపిణీలు పరస్పరం పోటీపడినప్పుడు న్యాయాన్ని నిర్ణయించేది లైసెన్సు పాఠమా, సముదాయపు ఆచారమా అన్నది పరిశీలించదగిన అంశం. రెడ్ హ్యాట్, సెంటాస్‌ల చరిత్ర ఇందుకు తగిన ఉదాహరణ.

రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌ను చందా పద్ధతిలో అందిస్తూ, మూలసంకేతాన్ని బహిరంగంగా ఉంచేది. 2004లో ఆరంభమైన సెంటాస్ ఆ సంకేతం నుంచి వ్యాపార చిహ్నాలను తొలగించి, పునర్నిర్మించి ఉచితంగా పంచింది. 2006లో ఒరాకిల్ అదే మూలంతో సొంత పంపిణీని వెలువరించి సాంకేతిక సేవలను విక్రయించసాగింది. సెంటాస్ 2014లో రెడ్ హ్యాట్ ఆధ్వర్యంలోకి వచ్చింది. 2029 వరకు కొనసాగవలసిన సెంటాస్ 8ను 2021 చివరికే ముగిస్తామని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడింది. ఆ లోటును పూరించడానికి ఆల్మా, రాకీ పంపిణీలు అవతరించాయి. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ మూలసంకేతాన్ని ఖాతాదారులకే పరిమితం చేసి, సెంటాస్ స్ట్రీమ్‌ను మాత్రమే బహిరంగంగా ఉంచింది.

జిపిఎల్ లైసెన్సు ప్రకారం ప్రోగ్రామును పొందినవారికి మూలసంకేతం ఇవ్వాలి. లోకమంతటికీ ఇవ్వాలన్న నియమం లేదు. అయితే పొందినవారు దాన్ని పునఃపంపిణీ చేయవచ్చు. అలా చేసినవారి చందాను రద్దు చేయవచ్చా అన్నదే వివాదబీజం. కొత్తగా ఏమీ చేర్చకుండా పునర్నిర్మించేవారు సముదాయానికి మేలు చేయరని రెడ్ హ్యాట్ వాదించింది. ఆ సంస్థ విక్రయిస్తున్నది కూడా అసంఖ్యాకుల ఉమ్మడి కృషినే అని విమర్శకులు బదులిచ్చారు. రెండు వాదాలలోనూ సత్యాంశముంది: కెర్నల్‌కు విశేషంగా తోడ్పడిన సంస్థలలో రెడ్ హ్యాట్ ఒకటి, ఆ కెర్నల్ దాని ఏకైక సృష్టి కాదు.

తదనంతర పరిణామాలు గమనార్హం. 2023 జూలైలో ఆల్మా అచ్చమైన ప్రతిరూపంగా ఉండాలన్న లక్ష్యాన్ని విడిచి, అనువర్తనాల అనుకూలతను మాత్రం నిలుపుకొని, దోషాలను స్వయంగా సవరించే మార్గాన్ని ఎంచుకుంది. ఆగస్టులో ఒరాకిల్, సూసే, సిఐక్యూ సంస్థలు మూలసంకేతాన్ని ఉమ్మడిగా అందించే సంఘాన్ని ఏర్పరచాయి.

దాదాపు రెండు దశాబ్దాలపాటు ఈ పంపిణీల మధ్య సమతౌల్యాన్ని నిలిపింది లైసెన్సు విధించని ఒక ఆచారం. దాని ఉపసంహరణతో ఎక్కువగా నష్టపోయింది భవిష్యత్ ప్రణాళికలను ఆ ఆచారంపై నిర్మించుకున్న వినియోగదారులే. లైసెన్సు స్వేచ్ఛకు హామీ ఇవ్వగలదు. సమన్యాయానికి మాత్రం ఇచ్చిన మాటపై నిలకడ, అందుకున్నదానికి ప్రతిగా అందించే కృషి అవసరమని ఈ చరిత్ర నిరూపిస్తుంది.