చేతిలో బైబిలు, ఇంట్లో తుపాకీ: నల్లజాతి క్రైస్తవ స్త్రీల ఆత్మరక్షణ చరిత్ర

అమెరికాలో తుపాకీ పట్టిన క్రైస్తవ మహిళ అనగానే ఇవాళ ఎక్కువమందికి గుర్తొచ్చేది హ్యాండ్‌బ్యాగులో పిస్టల్ పెట్టుకుని తిరిగే తెల్లజాతి గృహిణి. తుపాకీ కంపెనీల ప్రకటనలు, మితవాద రాజకీయాలు ఆ బొమ్మకు బాగా ప్రచారం కల్పించాయి. కానీ అంతకు చాలా ముందే ప్రాణం నిలుపుకోవడానికి ఇంట్లో తుపాకీ ఉంచుకున్న క్రైస్తవ స్త్రీలు ఉన్నారు. వాళ్లు దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి స్త్రీలు. దళిత ఉద్యమ కార్యకర్తలు, విద్యార్థులు ఆ చరిత్ర తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాం. తుపాకీ మంచిదా చెడ్డదా అన్నది అందులో రెండో ప్రశ్న. ఎవరి చేతిలోని ఆయుధాన్ని చట్టం హక్కుగా చూసింది, ఎవరి చేతిలోని ఆయుధాన్ని నేరంగా చూసింది అన్నదే మొదటి ప్రశ్న.

హక్కు ఎవరికి రాశారు?

ఆయుధం కలిగి ఉండే హక్కు 1791లో రెండో సవరణ ద్వారా అమెరికా రాజ్యాంగంలోకి వచ్చింది. అది నల్లవాళ్ల కోసం రాసింది కాదు. 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పులో సుప్రీంకోర్టు నల్లవాళ్లు పౌరులే కారని చెప్పింది. వాళ్లను పౌరులుగా ఒప్పుకుంటే ఎక్కడికి వెళ్లినా ఆయుధాలు పట్టుకుపోయే హక్కు కూడా ఇవ్వాల్సి వస్తుందని ప్రధాన న్యాయమూర్తి రోజర్ టేనీ ఆ తీర్పులోనే రాశారు. బానిసత్వం రద్దయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. దాని ప్రకారం విముక్తులైన నల్లవాళ్లు స్థానిక అధికారుల లైసెన్సు లేకుండా తుపాకీ, తూటాలు ఉంచుకోకూడదు. ఆ అధికారులు తెల్లవాళ్లు. దాడికి వచ్చే మూకలూ తెల్లవాళ్లవే.

లైసెన్సు పేరుతో ఆపడం తర్వాతా పోలేదు. 1956లో మాంట్‌గోమరీలో తన ఇంటిపై బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు నిరాకరించారు.

సండే స్కూల్ టీచరు కొన్న పిస్టల్

ఐడా బి. వెల్స్ 1862లో మిసిసిపీలో బానిస కుటుంబంలో పుట్టారు. మెంఫిస్‌లో పత్రిక నడిపారు, చర్చిలో సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెప్పారు. 1892 మార్చిలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌ను, మరో ఇద్దరిని తెల్లమూక జైలు నుంచి ఈడ్చుకెళ్లి చంపింది. వాళ్లు నడిపిన కిరాణా దుకాణం పక్కనే ఉన్న తెల్ల వర్తకుడికి పోటీ అయింది. ఆ హత్యల తర్వాత తాను పిస్టల్ కొన్నానని వెల్స్ ఆత్మకథలో రాసుకున్నారు. రెండు నెలలకే ఆమె పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు.

అదే ఏడాది తెచ్చిన 'సదర్న్ హారర్స్' అనే చిన్న పుస్తకంలో, ప్రతి నల్లజాతి ఇంట్లోనూ రైఫిల్‌కు గౌరవస్థానం ఉండాలని ఆమె వాదించారు. నల్లవాళ్లు సాయుధులై నిలబడినచోట మూకహత్యలు ఆగిన ఉదాహరణలు చూపారు. వాటిలో ఒకటి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్. అయితే ఆమె అక్కడితో ఆగలేదు. తెల్లవాళ్ల వ్యాపారాలను బహిష్కరించమన్నారు, ఊరు విడిచి పొమ్మన్నారు, హత్యల లెక్కలు పోగేసి ప్రపంచం ముందు పెట్టారు. పిస్టల్ ఆమె ప్రాణానికి కాపలా. పోరాటం మాత్రం కలంతోనే.

ఇంట్లో షాట్‌గన్, వీధిలో అహింస

రోజా పార్క్స్ ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి సభ్యురాలు. ఆమె చిన్నతనంలో అలబామాలో క్లాన్ మూకలు తిరిగిన రాత్రుల్లో తాతయ్య షాట్‌గన్ పట్టుకుని మేలుకుని కూర్చునేవారు. 1930లలో స్కాట్స్‌బరో కేసు కోసం ఆమె ఇంట్లో జరిగిన రహస్య సమావేశంలో బల్ల నిండా తుపాకులే ఉన్నాయని ఆమె తర్వాత గుర్తుచేసుకున్నారు.

ఫానీ లూ హేమర్ మిసిసిపీలో పంటపాలుకు సాగుచేసే కుటుంబంలో ఇరవయ్యో బిడ్డ. పత్తి చేలోకి వెళ్లేటప్పుడు ఆమె తల్లి బకెట్టులో తుపాకీ దాచి తీసుకెళ్లేది, పిల్లల మీద చెయ్యి పడకుండా చూసుకోవడానికి. 1962 ఆగస్టులో రూల్‌విల్‌లోని బాప్టిస్టు చర్చిలో జరిగిన సభలో నల్లవాళ్లకూ ఓటు హక్కు ఉందని హేమర్ విన్నారు. నమోదుకు వెళ్లినందుకు పద్దెనిమిదేళ్లు పనిచేసిన తోట నుంచి వెళ్లగొట్టారు. సెప్టెంబరు 10న ఆమె తలదాచుకున్న ఇంటిపైకి పదహారు తూటాలు పేల్చారు. 1963లో వినోనా జైల్లో ఆమెను కొట్టించింది పోలీసులే. రక్షించాల్సినవాళ్లే కొట్టినప్పుడు ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? పడకగది ప్రతి మూలలో షాట్‌గన్ ఉంచుకుంటానని హేమర్ బహిరంగంగానే చెప్పేవారు. అదే మనిషి చర్చి పాటలు పాడుతూ అహింసా ఊరేగింపులకు ముందు నడిచారు. తెల్లవాళ్లను ద్వేషించడం తన విశ్వాసానికి విరుద్ధమన్నారు.

ఇందులో వైరుధ్యం ఉందా? లూకా సువార్త 22వ అధ్యాయంలో యేసు శిష్యులను కత్తి కొనుక్కోమంటాడు. అదే రాత్రి కత్తి దూసిన శిష్యుణ్ని ఆపుతాడు. ఏ వాక్యాన్ని ఎక్కడ పాటించాలో ఈ స్త్రీలు బతుకులోనే తేల్చుకున్నారు. గడప లోపల పిల్లల ప్రాణం కాపాడాలి, గడప బయట హక్కు గెలవాలి. ఓటు తెచ్చింది సంఘటిత ఉద్యమమే. ఆ ఉద్యమం తెల్లారేదాకా బతికి ఉండటానికి తుపాకీ తోడ్పడింది.

జాక్సన్‌విల్, 120 ఏళ్ల తర్వాత

వెల్స్ ఉదాహరణగా చూపిన జాక్సన్‌విల్‌లోనే 2010లో ఒక నల్లజాతి తల్లి, తనను బెదిరించిన భర్తను ఆపడానికి హెచ్చరికగా ఒక తూటా పేల్చింది. ఎవరికీ గాయం కాలేదు. ఆత్మరక్షణ వాదనను ఒప్పుకోకుండా 2012లో ఆమెకు 20 ఏళ్ల శిక్ష వేశారు. పెద్ద ఉద్యమం నడిచాక 2015లో జైలు నుంచి బయటికి రాగలిగింది.

అదే నగరంలో 2012 నవంబరులో, కారులో పాటల శబ్దం ఎక్కువైందని గొడవపడి ఒక తెల్లజాతి వ్యక్తి 17 ఏళ్ల జోర్డాన్ డేవిస్‌ను కాల్చి చంపాడు. ఆత్మరక్షణ కోసమే కాల్చానన్నాడు. పిల్లల కారులో తుపాకీ ఏదీ దొరకలేదు. మొదటి విచారణలో హత్యానేరంపై జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. రెండో విచారణలోగానీ శిక్ష ఖాయం కాలేదు. జోర్డాన్ తల్లి లూసీ మెక్‌బాత్ భక్తిగల క్రైస్తవురాలు. తుపాకుల నియంత్రణ కోసం పోరాడి 2018లో జార్జియా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. వెల్స్‌కు, మెక్‌బాత్‌కు మార్గాలు వేరు. ఇద్దరూ ఎదిరించింది మాత్రం నల్లవాళ్ల ప్రాణానికి విలువ కట్టని న్యాయాన్నే.

మన చట్టంలో ఏముంది?

భారతదేశంలో ఆయుధం హక్కు కాదు. 1959 ఆయుధాల చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటో పోలీసు కమిషనరో లైసెన్సు ఇవ్వాలి. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు, 1995లో మూడో నియమం చాలామంది కార్యకర్తల దృష్టికి రాలేదు. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివారి తుపాకీ లైసెన్సులు రద్దుచేయాలని, అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలని, అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకే లైసెన్సులు ఇవ్వాలని అది రాష్ట్ర ప్రభుత్వానికి చెబుతోంది. ముందు దాడిచేసేవాడి చేతిలో ఆయుధం తీసేయాలన్నది ఇందులోని కీలకం. మిసిసిపీ చట్టానికి ఇది సరిగ్గా తలకిందులు.

అయితే దళిత క్రైస్తవ స్త్రీ ఈ నియమం బయటే ఉండిపోయింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ మతస్థులనే ఎస్సీలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. క్రైస్తవ మతంలోకి మారిన వ్యక్తికి అత్యాచారాల చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కొట్టేవాడు కులం చూసి కొడతాడు, కేసు దగ్గర మతం అడ్డొస్తుంది.

ప్రతి దళితవాడకూ తుపాకులు ఇవ్వమని మేము అడగడం లేదు. తమ జిల్లాలో ఏ ప్రాంతాలను అత్యాచారాలకు అవకాశమున్నవిగా గుర్తించారో, అక్కడ ఎన్ని లైసెన్సులు రద్దుచేశారో సమాచార హక్కు చట్టం కింద కార్యకర్తలు అడగాలి. జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ సమావేశంలో మూడో నియమాన్ని చర్చకు పెట్టించాలి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా డిమాండును రిజర్వేషన్ల విషయంగానే కాక, ప్రాణరక్షణ విషయంగానూ ముందుకు తేవాలి. హేమర్ పడకగదిలోకి షాట్‌గన్ వచ్చింది ప్రభుత్వం తన పని చేయనందువల్లే. ఆ పని చేయించడమే మన ముందున్న బాధ్యత.