క్రోషియా అల్లికలో దాగిన గణితం

"అమ్మీకి లెక్కలు రావు" అని పిల్లలు తేలిగ్గా అనేస్తుంటారు. అదే అమ్మీ క్రోషియా సూదితో టోపీ అల్లేటప్పుడు ప్రతి చుట్టుకూ లెక్క చూసుకుంటూనే ఉంటుంది.

చిన్న కుట్టుతో అల్లితే మొదటి చుట్టుకు 6 కుట్లు, తర్వాత 12, 18, 24... ఇలా చుట్టుకు 6 చొప్పున పెంచితే అల్లిక రొట్టెలా చదునుగా వస్తుంది. పెంచడం ఆపేస్తే అంచు కిందికి దిగి టోపీ గోడ అవుతుంది. కుట్లు మరీ ఎక్కువైతే అంచంతా కుచ్చులు పడుతుంది.

ఈ కుచ్చుల్ని తప్పు అనుకుని విప్పేస్తాం. గణితంలో వీటికి దగ్గరి ఆకారమే హైపర్బోలిక్ తలం. స్కూల్లో చదివే యూక్లిడ్ జామెట్రీలో, గీతకు బయట ఉన్న బిందువు గుండా ఒకే సమాంతర రేఖ వెళ్తుంది. హైపర్బోలిక్ తలం మీద ఎన్నైనా వెళ్తాయి. 19వ శతాబ్దంలో లొబచెవ్‌స్కీ, బోల్యాయ్ దీన్ని సిద్ధాంతంగా రాశారు. అయితే చేత్తో పట్టుకుని చూసే గట్టి నమూనా లేదు. కాగితం పట్టీలతో చేసినవి త్వరగా పాడైపోయేవి.

1997లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఉన్న లాత్వియా గణితవేత్త డైనా టైమినా దాన్ని క్రోషియాతో అల్లారు. సూత్రం ఒక్కటే: ప్రతి వరుసలో ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచడం. అల్లికను మడత పెడితే తిన్నని గీత వస్తుంది. దాని వెంట రంగు దారం కుడితే సమాంతర రేఖలు కంటికి కనిపిస్తాయి. దీనిపై ఆమె రాసిన పుస్తకానికి 2012లో ఆయిలర్ బుక్ ప్రైజ్ వచ్చింది.

ఇంట్లోనూ చేసి చూడొచ్చు. ప్రతి 3 కుట్ల తర్వాత ఒకటి పెంచుతూ పది వరుసలు అల్లితే చాలు. లెక్క అమ్మీ చెబుతుంది.