రెండు నదుల నీళ్లు తాగే ఊరు

ఏలూరుకు పురపాలక సంఘం 1866లో వచ్చింది. అంతకు ముందు ఏడాది మద్రాసు ప్రభుత్వం చేసిన పట్టణాభివృద్ధి చట్టం కింద పుట్టిన తొలితరం మున్సిపాలిటీల్లో ఇదొకటి. పన్ను కట్టేది ఊరివాళ్లు, సభ్యుల్ని నియమించేది సర్కారు. పోలీసు ఖర్చులో పెద్ద వాటా కూడా ఆ పన్నుల మీదే పడేది. మిగిలిన దాంతోనే రోడ్లు, పారిశుద్ధ్యం.

అప్పటికే నీళ్లు ఈ ఊరి తలరాత మార్చేశాయి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ రెండింటి నుంచి వచ్చిన ఏలూరు కాలువలు ఇక్కడే కలిశాయి. రాజమండ్రి నుంచి బెజవాడ దాకా పడవలు నడిచాయి. ఊరిని ఆనుకుని తమ్మిలేరు, దాని దిగువన కొల్లేరు సరస్సు. 2005లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. తర్వాత చుట్టుపక్కల పంచాయతీలూ అందులో కలిశాయి.

2020 డిసెంబరు 5న వన్‌టౌన్‌లో, దక్షిణపు వీధి, కొత్తపేట వైపు, అప్పటిదాకా బాగున్న మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోటి వెంట నురగ. పిల్లల్ని భుజాన వేసుకుని తల్లిదండ్రులు ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తారు. చాలామంది త్వరగానే తేరుకున్నారు గాని, వారం తిరిగేసరికి బాధితులు ఆరు వందలు దాటారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలను పట్టుకుంది. అవి ఒంట్లోకి నీళ్ల వెంట వచ్చాయా, కూరగాయల వెంటా అన్నది మాత్రం తిరుగులేకుండా తేలలేదు.

తేలలేదు కదా అని వదిలేయడం తప్పు. ఊరికి తాగునీరిచ్చే కాలువ ఇక్కడికి చేరేలోపు ఎన్నో ఊళ్ల పొలాల పక్కగా వస్తుంది. చేలో చల్లిన మందు వానకు అందులోకి దిగుతుంది. క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది గాని సీసాన్ని తీసేయలేదు. కాబట్టి మంచినీళ్ల బాధ్యత ఫిల్టర్‌బెడ్ల దగ్గర మొదలైతే చాలదు, కుళాయి దగ్గర ఆగితే అసలే చాలదు. ఏలూరు మురుగు చివరికి చేరేది 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన కొల్లేటికే. ఆ సరస్సు చేపల్ని తినేదీ మనమే.

ఏ డివిజన్ నీళ్లలో సీసమెంత, పురుగుమందెంత అన్నది నెలనెలా వార్డు సచివాలయం గోడ మీద రాయించాలి. ఇంటిపన్ను, నీటిపన్ను కట్టేవాళ్లకు ఆ అంకెలు అడిగే హక్కుంది. అదే పరీక్ష కాలువ ఊళ్లోకి వచ్చేచోటా, మురుగు ఊరు దాటేచోటా జరగాలి.