తప్పు చీటీ పుణ్యం

‘అచ్చోసిన ఆంబోతు’ అని ఇప్పుడు తిట్టుగా వాడుతున్నాం గానీ, ముద్ర వేసి దేవుడి పేర వదిలిన ఆ గిత్తే ఒకప్పుడు ఊరి మందకు తండ్రి. ఇప్పుడు ఆవు ఎదకొస్తే ఊళ్ళోకి ఆంబోతు రాదు. మోటార్‌సైకిల్ మీద నత్రజని క్యాన్‌తో, కృత్రిమ గర్భధారణ సూది వేసే గోపాలమిత్ర వస్తాడు.

వీర్యాన్ని సేకరించి సూదితో ఎక్కించడం మనకు మరీ కొత్తేమీ కాదు. 1939లోనే మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ ఆ పని చేసి చూపించారు. చిక్కంతా నిలవ దగ్గరే. కోడిగుడ్డు పచ్చసొన కలిపి చల్లగా ఉంచితే మూడు నాలుగు రోజులు ఆగేది, అంతే. గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచు ముక్కలై కణాన్ని చీల్చేసేది.

1948లో లండన్ శివారు మిల్ హిల్ ప్రయోగశాలలో క్రిస్ పోల్జ్ అనే కుర్రాడు కోడిపుంజు వీర్యాన్ని ఫ్రక్టోజ్ చక్కెర ద్రావణంలో కలిపి గడ్డకట్టించి చూశాడు. ఫలితం సున్నా. ద్రావణం సీసాలను శీతల గదిలో పెట్టేసి, కొన్ని నెలల తర్వాత మళ్ళీ మొదలుపెడితే ఒక సీసాలోని ద్రావణంతో మాత్రం కణాలు కరిగాక ఈదులాడాయి! కొత్తగా కలిపిన ఫ్రక్టోజ్‌తో ఆ వింత జరగలేదు. సీసా అడుగున మిగిలిన కాస్త ద్రావణాన్ని పరీక్షకు పంపితే, అందులో చక్కెర లేనే లేదని తేలింది. ఉన్నవి గ్లిజరాల్, గుడ్డు తెల్లసొన. సూక్ష్మదర్శిని గాజుపలకలకు కణజాలాన్ని అంటించే జిగురు అది. శీతల గదిలో చీటీలు తారుమారయ్యాయి. పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ 1949లో ‘నేచర్’ పత్రికలో ఫలితం ప్రకటించారు. చీటీల తప్పును కూడా తర్వాత దాచకుండా చెప్పుకున్నారు, అదీ మెచ్చుకోవాల్సిందే.

1951 నాటికి ఇంగ్లండులో గడ్డకట్టించిన వీర్యంతో దూడ పుట్టింది. మొదట్లో పొడి మంచులో మైనస్ 79 డిగ్రీల దగ్గర దాచేవారు. తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని వచ్చింది.

ఇక వీర్యాన్ని నింపే ఆ సన్నటి స్ట్రా సంగతి. డెన్మార్క్ పశువైద్యుడు సోరెన్సెన్, కూతురి పుట్టినరోజున పిల్లలు గొట్టాలతో పానీయం పీల్చడం చూసి ఆ ఆలోచన చేశాడంటారు. ఫ్రాన్సులో కస్సూ దాన్ని ప్లాస్టిక్‌లోకి మార్చాడు. ఇప్పుడు వాడే స్ట్రాలో పట్టేది పావు మిల్లీలీటరే.

ఈసారి సూది వేయించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. క్యాన్ మూత తీయగానే తెల్లటి పొగ పొర్లుతుంది. చిమటాతో తీసిన స్ట్రాను 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ముంచాలి. థర్మామీటరు లేకుండా, చేతి అంచనాతో ముంచబోతే ఆపి అడగండి.