జన్యుద్విత్వము - సకశేరుకోత్పత్తి

ధాతువు ద్విరుక్తమైనపుడు పూర్వభాగమునకు అభ్యాసమను సంజ్ఞ కలదని వ్యాకరణము చదివినవారెల్ల నెఱుఁగుదురు. ‘కృ’ ధాతువు లిట్టునందు ‘చకార’ యైనపుడు అభ్యాసమందలి కకారము చకారమైనది. అభ్యాసము హ్రస్వమైనను, హల్లులను గోల్పోయినను, వర్ణము మాఱినను క్రియార్థమునకు హాని లేదు. ఏలన, ధాతువు ఉత్తరభాగమున నిలిచియున్నది. వెన్నెముకగల జంతువులు, అనఁగా సకశేరుకములు, ఎట్లుద్భవించెనను ప్రశ్నకు జీవశాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానము ఈ ప్రక్రియను స్మరింపఁజేయుచున్నది. ఆ సమాధానముయొక్క చరిత్రను, అందు మన దేశమునకుఁ గల సంబంధమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

జన్యువు దేహమందలి మాంసకృత్తుల నిర్మాణమును శాసించుచు వంశపరంపరగా వచ్చు లిఖితము వంటిది. వ్రాయసకాఁడు తాళపత్రమున నొక పంక్తిని పొరపాటున రెండుమాఱులు వ్రాసినట్లు, ఈ లిఖితమునందును ఒక భాగము ద్విగుణితమగుట కలదు. పండ్ల యీఁగ కన్ను సన్నగిలు నొక వికారమునకు ఇట్టి ద్విత్వమే కారణమని 1936లో బ్రిడ్జెస్ అను అమెరికా శాస్త్రజ్ఞుఁడు చూపెను. అంతకుముందే, 1932లో, జె. బి. ఎస్. హాల్డేను, అధికముగా నున్న ప్రతి మాఱినను ప్రాణికి నష్టము లేదు కావున అది పరిణామమునకు ఉపకరింపవచ్చునని సూచించెను. ఈ హాల్డేను మనకుఁ బరాయివాఁడు కాఁడు. 1957లో భారతదేశమునకు వచ్చి, కలకత్తాలోను, పిమ్మట భువనేశ్వరమునను బనిచేసెను. పిఠాపురమునఁ బుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయనకు శిష్యుఁడై, అనంతరకాలమున ఆయన చరిత్రను గ్రంథస్థము చేసెను. 1964 డిసెంబరు 1వ తేదీని హాల్డేను మరణింపఁగా, ఆయన కోరిన ప్రకారము దేహము విద్యార్థుల నిమిత్తము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకుఁ బంపఁబడెను.

సూచనను సిద్ధాంతముగా నిలిపినవాఁడు సుసుము ఓనో. ఆయన 1928లో కొరియాయందు జపాను కుటుంబమున జన్మించి, కాలిఫోర్నియాలోఁ బరిశోధన చేసి, 2000లో కాలధర్మము నొందెను. 1970లోఁ బ్రకటించిన గ్రంథమునందలి వాదమిది: జన్యువు ఒక్కటియే యున్నచో, దాని మార్పు ప్రాణికిఁ బ్రమాదకరము కావున ప్రకృతివరణము దానిని యథాతథముగా రక్షించును. రెండున్నచో, ఒకటి పూర్వకృత్యమును నెఱవేర్చును. రెండవది స్వేచ్ఛగా మాఱి, తఱచుగా నిరర్థకమై చెడును, ఎప్పుడో యొకప్పుడు క్రొత్త కృత్యమును సంపాదించును. మన రక్తమందలి హీమోగ్లోబిను ఇందులకు నిదర్శనము. దాని ఆల్ఫాశృంఖలమునందు 141, బీటాశృంఖలమునందు 146 అమైనో ఆమ్లములున్నవి. ఈ రెంటి జన్యువులును ఒకే మూలమునకుఁ బ్రతులు. నేఁడు మొదటిది 16వ క్రోమోజోమునందును, రెండవది 11వ దానియందును ఉన్నవి. బీటావంశమునకుఁ జెందిన గామా యను ప్రతి గర్భస్థశిశువు తల్లి రక్తమునుండి ప్రాణవాయువును గ్రహించుటకుఁ దోడ్పడుచున్నది.

ఓనో అంతటితో నిలువక, జన్యురాశి యంతయు ద్విగుణితమగుటయే సకశేరుకముల యభివృద్ధికి హేతువనెను. ఇది చిరకాలము వివాదగ్రస్తమై యుండెను. దీనికి సాక్ష్యమిచ్చినది ఆంఫియాక్సస్ అను చిన్న సముద్రజీవి. దానికి వెన్నుపూసలు లేవు. వెన్నువెంట నొక మృదుదండము మాత్రము కలదు. దేహభాగముల క్రమమును నిర్ణయించు హాక్స్ జన్యువుల వరుస దానియం దొక్కటియే యని 1994లోఁ దేలినది. మనుష్యునియందు వరుసలు నాలుగు, జన్యువులు 39. 2008లో ఆ జీవి జన్యురాశి యంతయుఁ బఠింపఁబడఁగా, ఒకటి రెండై, రెండు నాలుగై, ద్విత్వము రెండుమాఱులు జరిగెనను వాదము బలపడెను. దవడలులేని హాగ్ చేఁప జన్యురాశిని 2024లోఁ బరిశీలించినవారు రెండవ ద్విత్వము దవడలుగల జంతువుల శాఖయందు జరిగెననిరి. ఓనో చెప్పిన కాలనిర్ణయము సవరింపఁబడినను, మూలవాదము నిలిచినది.

జంటలో నొకటి నిలిచి వేఱొకటి మాఱుననుట ఓనోకు ముందునుండియుఁ బ్రియమైన యూహయే. స్త్రీపుంభేదమును నిర్ణయించు క్రోమోజోములును ఆదిలో సమానమైన జంటయే యని 1967లో వ్రాసెను; అందులకుఁ బాములు ఆయనకు ముఖ్యసాక్ష్యము. ఆ పాముల క్రోమోజోములనే కాశీలో అభ్యసించిన లాల్జీ సింగు, కట్లపాము జాతిలో నొకదానినుండి గ్రహించిన డి.ఎన్.ఏ. భాగము స్త్రీత్వసూచకమైన క్రోమోజోమునందు విశేషముగా నుండుటను సహచరులతోఁ గూడి వెల్లడించెను. ఆయన 1998 మొదలు 2009 వఱకు, సికందరాబాదునుండి ఉప్పలునకుఁ బోవుదారిలో హబ్సిగూడయం దున్న సి.సి.ఎం.బి. పరిశోధనాలయమునకు అధ్యక్షుఁడై యుండెను.

ఇఁక నాదొక ప్రమాదము చెప్పవలసియున్నది. కొన్నియేండ్లక్రిందట నొక పాఠశాలసభలో, మత్స్యకూర్మాద్యవతారక్రమమున నీ సిద్ధాంతము సూచితమని యుపన్యసించితిని. ఒక బాలుఁడు లేచి, “అయ్యా, ఏ వాక్యమునందు?” అని యడిగెను. వాక్యమును జూపఁజాలకపోతిని. ఏ ప్రతియందును లేని పాఠమును గ్రంథపరిష్కర్త యంగీకరింపఁడు. నేను మాత్రము పురాణమున లేనిదానిని జదివితిని. మొదటఁ జెప్పిన అభ్యాసమును సైతము దృష్టాంతముగానే గ్రహింపవలెను. వ్యాకరణమున మార్పు సూత్రవిహితము, జన్యువునందు యాదృచ్ఛికము. ఓనో చెప్పిన జన్యురాశిద్విత్వమునకు సాక్ష్యము బలపడుటకుఁ జిరకాలము పట్టెను. అంతకాలమును అది శాస్త్రజ్ఞులలో వివాదగ్రస్తమైన వాదముగానే యుండెను. ఈ నియమము మన పరిశోధనములకును వర్తించునేమో విజ్ఞులు విచారింతురుగాక.