హైస్కూలు గదిలో నవ్వు: తెలుగునాట సహాధ్యాయుల హాస్యానికి ఒక చరిత్ర

తెలుగువారి జ్ఞాపకాల్లో హైస్కూలు తరగతి గదికి ప్రత్యేకమైన స్థానం ఉంది. ఆరవ తరగతి నుంచి పదవ తరగతి వరకు ఒకే సెక్షన్‌లో, అంటే ఒక తరగతిని ఏ, బీ అని విడదీసినప్పుడు ఏర్పడే జట్టులో, కలిసి కూర్చున్న పిల్లలు పెద్దవారై కలుసుకున్నప్పుడు ముందుగా తలచుకొనేవి మారుపేర్లు, మాస్టార్ల మాటతీరును అనుకరించిన సందర్భాలు, బెంచీ ఎక్కి నిలబడిన రోజులు, పట్టుబడిన చిలిపిచేష్టలు. కాలక్షేపపు కబుర్లుగా కనిపించే ఈ ముచ్చట్లను వరుసగా పేర్చి చూస్తే ఒక సామాజిక పరిణామం బయటపడుతుంది. హైస్కూలు రాకముందు పిల్లల స్నేహాలు చాలావరకు వీధికీ, చుట్టరికానికీ, కులానికీ లోబడి ఉండేవి. వేర్వేరు ఊళ్ళ నుంచి, వేర్వేరు కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలను వయసును బట్టి ఒక గదిలో చేర్చిన హైస్కూలు తరగతి వారి మధ్య అంతకుముందు లేని ఒక బంధాన్ని కల్పించింది, ఆ బంధం బిగియడానికి అందరూ కలిసి నవ్విన నవ్వు ఎంతగానో తోడ్పడింది.

హైస్కూలుకు ముందున్నది వీధి బడి. ఇంటి అరుగు మీదనో, గుడి మండపంలోనో, చెట్టు నీడనో ఒకే పంతులు అన్ని వయసుల పిల్లలకూ అక్షరాలు, ఎక్కాలు, శతక పద్యాలు నేర్పే బడికి ఆ పేరు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో మద్రాసు రాజధానిలోని, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలోని, బడుల స్థితిని విచారించమని జిల్లా కలెక్టర్లను ఆదేశించగా, 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి పంపిన నివేదికలో ఆనాటి బడి వాతావరణం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. తెల్లవారి ఆరు గంటలకు బడి మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు అని తెలిపే సున్న చుట్టేవారు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి వరుసగా ఒక్కొక్క దెబ్బ పెరిగేది. చదవని పిల్లవాణ్ణి చేతులు కట్టి ఇంటి కప్పు నుంచి వేలాడదీయడం కూడా ఆ నివేదికలో ఉంది. తెలుగువారు కోదండం వేయడమని చెప్పుకొనే శిక్ష ఇదే. అంత కఠినమైన క్రమశిక్షణ నడుమ పెరిగిన పిల్లలకు పంతులు కన్నుగప్పి నవ్వుకోవడం ఒక్కటే విశ్రాంతిగా ఉండేదని ఊహించడం కష్టం కాదు.

వీధి బడిలో ఈ నవ్వుకు పెద్దల అనుమతి దొరికిన సమయం దసరా. ఆ రోజుల్లో పిల్లలు కొత్త బట్టలు కట్టుకొని, రంగు కాగితాలు అంటించిన చిన్న విల్లంబులను, అంటే గిలకలను, చేతబట్టి పంతులు వెంట ఇంటింటికీ తిరిగి దసరా పద్యాలు పాడేవారు. బాణపు గొట్టంలో పూలరేకులూ, బుక్కా అనే పరిమళపు రంగుపొడీ నింపి గృహస్థుల మీదా, ఒకరి మీద ఒకరూ చిమ్మేవారు. ఇంటివారు పంతులుకు కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చి పంపేవారు. జీతం నిలకడగా అందని పంతులుకు ఆ కట్నం జీవనాధారం కాగా, ఏడాది పొడుగునా బెత్తానికి భయపడిన పిల్లలు అదే పంతులు సమక్షంలో అల్లరి చేయడానికి దసరా ఆచారసిద్ధమైన అవకాశం అయింది.

వీధి బడిలో ఉన్న మరొక పద్ధతి నేటి తరగతి హాస్యంలోనూ నిలిచి ఉంది. ముందు చదివిన పిల్లలు వెనుకవారికి పాఠం చెప్పడం మన బడులలో సాధారణం. మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమానికి 1789లో అధిపతి అయిన ఆండ్రూ బెల్, ఇసుకలో అక్షరాలు దిద్దుకుంటున్న స్థానిక పిల్లలను చూసి ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టి, పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించే ఏర్పాటును అభివృద్ధి చేసి, 1797లో దాని గురించి లండన్‌లో ఒక పుస్తకం ప్రచురించాడు. మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండులో వ్యాపించిన ఆ విధానంలో మానిటరు, అంటే తోటి పిల్లల మీద పెత్తనం ఇచ్చిన విద్యార్థి, ముఖ్యుడు. తెలుగు హైస్కూళ్ళలో అతడే క్లాసు లీడరు. మాస్టారు గదిలో లేనప్పుడు మాట్లాడిన వారి పేర్లు నల్లబల్ల మీద రాయడం అతని విధి. ఒకసారి పేరు పడినవాడు మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఒక గుర్తు చేరేది, మరోసారి మాట్లాడితే ఇంకొకటి చేరేది. చింతపండుకో, జామకాయలో సగానికో లొంగి పేరు చెరిపేసిన లీడర్లు, మిత్రుల పేర్లు వదిలి విరోధుల పేర్లు పెద్ద అక్షరాలతో రాసిన లీడర్లు, చివరికి ఫిర్యాదులన్నీ తిరగబడి తామే బెంచీ ఎక్కిన లీడర్లు దాదాపు ప్రతి తరగతి జ్ఞాపకాల్లోనూ ఉంటారు. అధికారం అంటే ఏమిటో, దానిలో న్యాయం ఎంతో, పక్షపాతం ఎంతో పిల్లలు మొదట గ్రహించినది ఆ నల్లబల్ల ముందే.

ఇంగ్లీషు చదువు చెప్పే ఉన్నత పాఠశాలలు తెలుగునాట 19వ శతాబ్దిలో స్థిరపడ్డాయి. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల వాటిలో తొలితరానిది. తరువాతి దశాబ్దాల్లో జమీందార్లూ, మిషనరీలూ, పురపాలక సంఘాలూ, జిల్లా బోర్డులూ పాఠశాలలు పెట్టగా ఫస్టు ఫారం నుంచి సిక్స్తు ఫారం వరకు తరగతుల వరుస ఏర్పడింది. గంటకొక మాస్టారు మారడం, ప్రతి సబ్జెక్టుకూ వేరొక మనిషి రావడం ఈ బడుల్లోనే మొదలై, అనుకరణకు పుష్కలంగా సరుకు దొరికింది. లెక్కల మాస్టారి చూపు, తెలుగు పండితుడి ఉత్తరీయం, డ్రిల్లు మాస్టారి ఈల, సైన్సు మాస్టారి ఊతపదం పిల్లల నోట మారుపేర్లయ్యాయి. రానురాను ఇంగ్లీషు కూడా నవ్వులకు వస్తువయింది. గురజాడ అప్పారావు 1897లో ప్రచురించిన కన్యాశుల్కం నాటకంలో గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం అగ్రహారంలోని పెద్దల ముందు ఇంగ్లీషు చదువును ప్రదర్శించే ఘట్టం నేటికీ ప్రేక్షకులను నవ్విస్తున్నదంటే, అర్థం తెలియని పాఠాన్ని అప్పజెప్పడంలోని వింత ఆనాటి ప్రతి విద్యార్థికీ అనుభవమే కావడం కారణం.

ఆ కాలపు బడిముచ్చట్లలో ఇన్‌స్పెక్టరు రాక ఒక ప్రధాన ఘట్టం. పిల్లలు పరీక్షలో చూపిన ఫలితాన్ని బట్టి బడికి సర్కారు గ్రాంటు, అంటే సహాయ ధనం, ఇచ్చే పద్ధతి 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో అమలులో ఉండేది. తనిఖీ అధికారి అడిగిన ప్రశ్నకు పిల్లవాడు చెప్పే జవాబు మీద పంతులు రాబడి ఆధారపడేది. అందువల్ల గోడలకు సున్నం వేయడం, నల్లబల్లకు బొగ్గుపొడీ ఆకుపసరూ పూయడం, తెలివైన పిల్లలను ముందు బెంచీల్లోకి మార్చడం, ఏ ప్రశ్నకు ఎవరు చేయి ఎత్తాలో ముందే నిర్ణయించడం ఆనవాయితీ అయ్యాయి. ఇంత ఏర్పాటూ ఒక్క పిల్లవాడి తడబాటుతో తారుమారైన కథలు గ్రాంటు పద్ధతి పోయిన తరువాత కూడా తరతరాలుగా చెప్పుకొంటున్నారు.

తరగతి హాస్యానికి మరొక ఊట హాజరు పట్టీ. తెలుగువారు ఇంటిపేరును మొదటి అక్షరానికి కుదించి పేరుకు ముందు పెట్టుకొనే అలవాటున్నవారు. వేంకటేశ్వరుడి పేరు పెట్టుకొన్న కుటుంబాలు ఈ నేలమీద కోకొల్లలు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు శ్రీనివాసరావులు, వెంకటేశ్వర్లు ఉన్నప్పుడు మాస్టార్లు ఇంటిపేరు మొదటి అక్షరంతో వేరుచేసి పిలిస్తే, పిల్లలు పొట్టి శీను, పొడుగు శీను, కళ్ళజోడు శీను అని వేరుచేసుకొన్నారు. పేరు పిలిచినప్పుడు రాని మిత్రుడి తరఫున గొంతు మార్చి ‘ప్రెజెంట్ సార్’ అనడం, అదే సమయానికి ఆ మిత్రుడు గుమ్మంలో ప్రత్యక్షం కావడం ఎన్నో తరగతుల ఉమ్మడి కథ. శిక్షలూ ఇలాగే జ్ఞాపకాలయ్యాయి: గోడకు వీపు ఆనించి లేని కుర్చీలో కూర్చున్నట్టు నిలవడమైన గోడకుర్చీ, చెవులు పట్టుకొని లేచి కూర్చొనే గుంజీలు, జవాబు చెప్పినవాడు చెప్పలేనివారి ముక్కు పట్టుకొని చెంప మీద కొట్టే పద్ధతి. చివరిదానిలో మిత్రుణ్ణి మెల్లగా తాకి వదిలిన పిల్లవాడు ఎలా కొట్టాలో మాస్టారి చేత తన చెంప మీదనే నేర్చుకోవలసి వచ్చేది.

తెలంగాణలో ఈ చరిత్రకు వేరొక రంగు ఉంది. నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఫౌఖానియా అని పిలిచిన ఉన్నత పాఠశాలల్లో బోధన ప్రధానంగా ఉర్దూలో సాగినందువల్ల ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, పైతరగతుల్లో ఇంగ్లీషు కలిసిన మిశ్రభాషలో పిల్లల పరిహాసాలు పుట్టాయి. ఆదిలాబాదు ప్రాంతపు రచయిత సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకం ‘యాది’లో ఉర్దూ, తెలుగు కలగలిసిన ఆ చదువుల వాతావరణాన్ని ఆప్యాయంగా నమోదు చేశాడు.

సాహిత్యం ఈ హాస్యాన్ని త్వరగానే అందుకొంది. ఉపాధ్యాయ వృత్తిలో ఉండిన చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గణపతి’ నవలలో చదువురాని పంతులునూ అతని బడినీ చిత్రించాడు. కాంతం కథల రచయిత మునిమాణిక్యం నరసింహారావు కూడా బడిపంతులే. మద్రాసు మైలాపూరులోని పి.ఎస్. హైస్కూలులో సహాధ్యాయులైన ముళ్ళపూడి వెంకటరమణ, బాపుల విషయంలో తరగతి స్నేహమే తెలుగు హాస్యానికి పునాది అయింది: 1950ల నాటి ‘బుడుగు’లో ఒకరి రాత, మరొకరి గీత కలిసి ప్రైవేటు మాస్టారికి, అంటే ఇంటి దగ్గర పాఠం చెప్పే పంతులుకు, చిక్కిన పిల్లవాడి గొంతును తెలుగు ఇళ్ళన్నిటికీ వినిపించాయి, ఆ స్నేహం 2011లో రమణ మరణించేదాకా సాగింది. తరువాతి కాలంలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లెల మాండలికంలో, మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో కావలి పట్టణపు యాసలో బాల్యాన్ని రాయగా, అప్పటిదాకా ఎక్కువగా అగ్రహారాల, పట్టణాల పిల్లలకు దక్కిన హాస్యంలో రైతు ఇళ్ళ పిల్లలకూ, ముస్లిం ఇళ్ళ పిల్లలకూ చోటు దొరికింది.

ఈ చోటు అందరికీ ఒకేసారి దొరకలేదని చెప్పకపోతే చరిత్ర అసత్యమవుతుంది. అంటరానివారని దూరంగా కూర్చోబెట్టిన పిల్లలకూ, తరగతికి ఒకరిద్దరుగా ఉన్న ఆడపిల్లలకూ చాలాకాలం ఆ నవ్వులో భాగం లేదు. కొన్నిసార్లు వారే ఆ నవ్వుకు గురి అయ్యారు. కులాన్నీ, శరీర లోపాన్నీ, పేదరికాన్నీ పట్టుకొని పెట్టిన మారుపేర్లు నేటికీ కొందరి మనసుల్లో ముళ్ళుగానే ఉన్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. పాత దెబ్బలను తలచుకొని నేడు నవ్వగలుగుతున్నారంటే ఆ దెబ్బలు మంచివని అర్థం కాదు, పక్కన కూర్చున్న స్నేహితులు వాటిని భరించదగినవిగా చేశారని మాత్రమే అర్థం.

సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుంచి సెప్టెంబరు 5ను ఉపాధ్యాయ దినోత్సవంగా జరపడం మొదలైన తరువాత, విద్యార్థులే ఉపాధ్యాయులై ఒక రోజు బడిని నడిపే స్వపరిపాలన దినోత్సవం తెలుగు పాఠశాలల్లో వేళ్ళూనింది. చీరలు కట్టిన బాలికలు, పంచెలు కట్టిన బాలురు తమ మాస్టార్ల నడకనూ మాటనూ అనుకరిస్తుండగా, వెనుక బెంచీలో కూర్చొని చూసిన మాస్టార్లు తామే ముందుగా నవ్వడం ఈ ఉత్సవపు సొగసు. దసరా గిలకలతో వీధి బడి పిల్లలకు దొరికిన అనుమతి ఈ విధంగా కొత్త రూపంలో హైస్కూలుకు చేరింది.

ఇటీవలి దశాబ్దాల్లో పదవ తరగతి పూర్తిచేసిన సంవత్సరాన్ని బట్టి పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు జరపడం ఊరూరా ఆచారమైంది. పాత మాస్టార్లకు శాలువాలు కప్పి, హాజరు పట్టీ వరుసలో మళ్ళీ పేర్లు పిలిపించుకొని, బడికి బెంచీలో, నీటి శుద్ధి యంత్రమో బహూకరించే ఈ సభల్లో అధికారీ, రైతూ, అమెరికా నుంచి వచ్చిన ఇంజినీరూ పాత మారుపేర్లతోనే పిలుచుకొంటారు. వారి హోదాలు ఏవైనా ఆ కొద్ది గంటలూ అందరూ సమానులు కాగలగడం ఒకప్పుడు ఆ గది చేసిన పని ఫలితం. అటువంటి సభల్లో చెప్పుకొనే కథలను ఎవరైనా ఓపికగా రాసి, ఊరి పేరూ సంవత్సరమూ జతచేసి, బడి గ్రంథాలయంలో భద్రపరిస్తే, ప్రభుత్వ నివేదికల్లో దొరకని తెలుగు విద్యాచరిత్ర రేపటి పరిశోధకులకు దక్కుతుంది. ఆ కథలు తెలిసిన పాత తరం సహాధ్యాయులు వృద్ధులవుతున్నారు గనుక, ఈ పని ఇప్పుడే మొదలు కావాలి.